కౌజుపిట్టల మేత, హుస్సేనమ్మ పంతం

దుబాయ్‌లోని కరామాలో పీరాంబీ నడిపే మెస్సుకు శుక్రవారం పూట కడప జిల్లా ఆడవాళ్లు కొందరు చేరతారు. ఇళ్లలో పనిచేసేవాళ్లలో ఆ రోజు సెలవు దొరికినవాళ్లు వచ్చి, మంచాల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వారమంతా నోట్లో దాచుకున్న మాటలన్నీ అక్కడ కుమ్మరించి పోతారు. 2005 ఎండాకాలం కాస్త తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆ గదిలో ఒక మాట పుట్టింది.

"మన రాయచోటి హుస్సేనమ్మ లేదా, అల్ ఐన్ కాడ అరబ్బోళ్ల తోటలో వంట చేచ్చాందే, ఆయమ్మ నక్కల నోరు కట్టేసిందంట."

"నక్కల నోరా?"

"ఆ. దర్గా దారమంట. ముళ్లేసి చెట్టుకు కట్టిందంట. కట్టినకాణ్ణించి ఒక్క నక్కన్నా ఆ తోట దిక్కు చూసిందా అంటే లేదంట."

అక్కడున్న వాళ్లెవరూ నవ్వలేదు. గొర్రెల మందను కొండకు తోలేముందు తోడేళ్ల నోరు కట్టించుకోవడం వాళ్ల వైపు ఉన్నదే. ఒకరి మేనమామకు ఆ మంత్రం తెలుసు. ఇంకొకరి అవ్వ తాయెత్తు తెచ్చి దొడ్డి గుంజకు కట్టేది. కాబట్టి కట్టిందా లేదా అన్నది కాదు, ఏ దర్గా దారంతో కట్టిందన్నదే వాళ్ల వాదన.

"అట్లయితే మా బిల్డింగు వాచ్‌మన్ నోరు గూడా కట్టమని చెప్పండమ్మా, మెట్ల మీద చెప్పులిడిస్తే సాలు, మొరుగుతాడు" అంది పీరాంబీ, పప్పు గిన్నె దించుతూ.

ఆ మాట ఫోను కార్డుల మీద రాయచోటి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. హుస్సేనమ్మ మరిది ఒకరోజు పనిగట్టుకుని ఫోను చేశాడు.

"వదినా, శెనక్కాయ చేన్లో పందులు పడ్తాండాయి. ఆ దారమేదో ఎవురి చేతన్నా పంపీ. చేనికి నాలుగు పక్కలా కట్టుకుంటా."

"ఏం దారంరా?"

"మాకు గూడా దాచిపెడ్తావా వదినా?"

"నీ దారం సంగతి అట్లుండనీ, పెట్టేయ్‌రా ఫోను" అని ఆమే పెట్టేసింది.

అసలు జరిగింది వేరు.

హుస్సేనమ్మ వాళ్లు దూదేకులవాళ్లు. మొగుడు పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ము ఊపిరితిత్తులకు పట్టి, ఆయాసంతో నడివయసులోనే పోయాడు. ఆ తర్వాత ఆమె దుబాయ్ వచ్చింది. అల్ ఐన్‌ను కూడా ఊళ్లో వాళ్లు దుబాయ్ అనే అంటారు, ఆమె కూడా అలాగే అంటుంది. మొదట ఊరి మధ్య పెద్ద ఇంట్లో పనికి పెట్టారు. అక్కడ కోడళ్ల మధ్య నలిగిపోతుంటే, ఆ ఇంటి పెద్దావిడ షమ్మా ఆమెను వెంటబెట్టుకుని ఇసుక దిబ్బల అంచున ఉన్న తోటకు తెచ్చుకుంది. హుస్సేనమ్మ ఆమెను అందరిలాగే మామా అంటుంది, అక్కడ అమ్మా అన్నట్టు.

మామా భర్తకు బతికున్నన్నాళ్లూ డేగతో వేటాడటం సరదా. పిట్టను చంపి తెచ్చిన ప్రతిసారీ మామా ఆయనతో తగువు పెట్టుకునేది. ఆయన పోయాక ఆ తగువుకు మనిషి లేకుండా పోయాడు. అప్పటి నుంచి మామా తోటలో ఘాఫ్ చెట్ల కింద, అంటే మన జమ్మి చెట్ల కింద, వరసగా వెడల్పాటి పళ్లేలు పెట్టి పిట్టలకు మేత వేయడం మొదలుపెట్టింది. ఒక పళ్లెంలో గోధుమలు, ఇంకొక దాంట్లో ఖర్జూరాలు, మరొక దాంట్లో నానబెట్టిన గింజలు, తరిగిన దోసకాయ ముక్కలు. ఎండాకాలంలో పిట్టకు నీళ్లు ఆ ముక్కల్లోంచే అందాలని ఆమె లెక్క.

తోటకు వచ్చిన మర్నాడు తెల్లవారుజామున హుస్సేనమ్మ రొట్టెల పిండి కలుపుతోంది. బయట ఒక పిట్ట గొంతు చించుకుని అరిచింది. పిండి చేతులతోనే పరుగున బయటికి వచ్చింది. కౌజు! సందేహం లేదు, కౌజే. పుట్టిన ఊళ్లో చేలగట్ల మీద అరిచే కౌజుపిట్ట ఇంత దూరం వచ్చి ఈ ఇసుకలో అరుస్తోంది. పిల్లలను వెంటేసుకుని ఆమె కాళ్ల ముందు నుంచే తాపీగా నడిచిపోయింది.

"మా పక్క ఇట్ల కాళ్లకడ్డం తిరిగింటే ఈపాటికి కూరలో ఉండేదానివే" అని దానితో అంది. ఆ రోజు మొదలు పళ్లేలు కడిగే పని కూడా ఆమే తీసుకుంది. ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడు ఎండలు ముదిరాక మామాకు మోకాలి ఆపరేషన్ చేయాలన్నారు. కొడుకు రాషిద్ వెంట అబూదాబీ ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆమె కారు అద్దం దించి, హుస్సేనమ్మ చెయ్యి పట్టుకుని, పిట్టలు నీ పూచీ అంది. అరబ్బీలో ఆమె అన్న నాలుగు మాటల్లో హుస్సేనమ్మకు రెండే తెలుసు. ఆ రెండూ చాలాయి.

మామా వెళ్లిన కొద్ది రోజులకే పళ్లేలు తలకిందులు కావడం మొదలైంది. తెల్లవారి చూస్తే గింజలు ఇసుకలో కలిసిపోయి, పళ్లేలు దూరంగా దొర్లి ఉండేవి. చుట్టూ నక్క అడుగులు. ఒకరోజు పళ్లెం పక్కన గుప్పెడు ఈకలు కనిపించాయి. ఆ తర్వాత కౌజులు రావడం తగ్గించేశాయి. కంచె అవతల ఎక్కడో అరిచేవి గానీ చెట్ల కిందికి రావడానికి జంకేవి.

తోటకు ముదీర్, అంటే మేనేజరు, ఖాదర్ హుస్సేన్. నెల్లూరు వైపువాడు. పైపులు, మోటార్లు, చెట్లు, కంచె అన్నీ అతని చేతి కిందే. హుస్సేనమ్మ కంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. ఒక ఉదయం అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, కోళ్లు తెప్పించినావు గదా, ఆ కార్జం తీసి పక్కనబెట్టు."

"ఎవురికి?"

"నక్కకి. రాషిద్ సార్ ఫోన్ చేసినాడు. అమ్మ వచ్చేలోపల నక్క సంగతి తేల్చమన్నాడు. అమ్మ వచ్చి ఖాళీ పళ్లేలు చూస్తే మళ్లా మంచమెక్కతాదంట." జేబులోంచి చిన్న డబ్బా తీసి చూపించాడు. "ఈ మందు కార్జంలో పెడితే ఖలాస్."

హుస్సేనమ్మ చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది.

హుస్సేనమ్మ అన్న కూడా ఒకప్పుడు ఇలాగే శెనక్కాయ చేనుకు పందులు పడుతున్నాయని మందు పెట్టాడు. పందులు తిన్నాయో లేదో ఎవరికీ తెలియదు. తిన్నది మాత్రం హుస్సేనమ్మ మేక. హుస్సేనమ్మకు పాలు రాక, ఆమె కూతురు ఆ మేక పాల మీదే పెరిగింది. మేక పడిపోయిన చోట బిడ్డ పోయి దాని మెడ పట్టుకుని కూర్చుంటే, నోటి నురగ బిడ్డకు తగులుతుందేమోనని హుస్సేనమ్మ పరిగెత్తిన పరుగు ఆమెకు ఇంకా కలలో వస్తుంది.

"కౌజు నేల మీద ఏరుకుని తినే పిట్ట" అంది. "నువ్వు పెట్టేది నక్కొక్కటే తింటాదని నీకెవురు చెప్పినారు? నక్క దాన్ని యాడికి ఈడ్చకపోతాదో, యాడ కక్కతాదో నీకు తెల్సా?"

"నాకేం తెలుసక్కా? నేను నక్కనా? సార్ చెప్పినాడు, నేను పెడతా."

"పెట్టుకో. నా వంటింట్లోంచి మాంసం ముక్క బయటికి పోదు."

"ఇదేం దబాయింపక్కా! నేను ముదీర్నా, నువ్వా?"

"తోటకు నువ్వు. వంటింటికి నేను. మామా వచ్చేదాకా ఓపిక పట్టు. ఆలోపల నక్కను నేను ఆపుతా."

"నువ్వా! ఎట్టా? బిర్యానీ పెట్టి బుజ్జగిస్తావా?"

"ఎట్లో ఒకట్ల. నువ్వా డబ్బా లోపల పెట్టు ముందు."

ఖాదర్ డబ్బా జేబులో వేసుకున్నాడు. పారెయ్యలేదు. వెళ్తూ వెళ్తూ, ఆపలేకపోతే కార్జం నువ్వే తీసియ్యాల, అప్పుడు మళ్లా మాట మార్చగూడదు అన్నాడు. సరే అంది హుస్సేనమ్మ. అనేసింది గానీ మనసులో ఏ ఉపాయమూ లేదు.

సాయంత్రం పెరుగు గిన్నె మీద మూత పెడుతుంటే ఉపాయం తట్టింది. పిల్లికి అందకుండా పెరుగును ఎక్కడ పెడతారు? ఉట్టి మీద. దాణా సంచుల నైలాన్ తాళ్లు విప్పి, చిన్నప్పుడు అవ్వ నేర్పిన ముడులే వేసి, పళ్లేనికొక ఉట్టి అల్లింది. ఘాఫ్ కొమ్మలకు నడుమెత్తున పళ్లేలు వేలాడదీసింది. వరసగా వేలాడుతున్న ఆ ఉట్లను చూసి తనకు తానే మురిసిపోయింది.

తెల్లవారి చూస్తే నక్క అడుగులు చెట్ల కింద గుండ్రంగా తిరిగి తిరిగి వెళ్లిపోయాయి. ఒక్క గింజ కూడా కింద పడలేదు. హుస్సేనమ్మ ఖాదర్‌ను కేకేసి పిలిచింది. ఇద్దరూ గోడ చాటున నిలబడ్డారు. పొద్దు పొడిచాక ఒక కౌజుల జంట కంచె కింద నుంచి దూరి వచ్చింది. ఉట్టి కిందికి పోయి నిలబడి మెడలు పైకెత్తి చూసింది. ఒకటి నేలను పొడిచింది. ఏమీ దొరకలేదు. మళ్లీ పైకి చూసింది. అలా కాసేపు చూసి చూసి, రెండూ వచ్చిన దారినే నడుచుకుంటూ పోయాయి. ఎక్కడి నుంచో గోరింకల గుంపు వచ్చి ఉట్లెక్కి ఊగుతూ పళ్లేలన్నీ ఖాళీ చేసింది.

ఖాదర్ నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. "నక్కనే కాదక్కా, కౌజుల్ని గూడా ఆపేసినావే!"

నేల మీద తినే పిట్ట అని తనే చెప్పి, తనే పైకి కట్టింది. హుస్సేనమ్మ పళ్లేలు మాత్రం దించింది. ఉట్టి తాళ్లు కొమ్మలకే ఉండిపోయాయి.

తర్వాత ముళ్లకంప. తోట వెనక ఎవరూ పెట్టకుండానే మొలిచిన చెట్లు కొన్ని ఉన్నాయి. వాటిని చూడగానే హుస్సేనమ్మకు ఊరు గుర్తొచ్చింది. అచ్చం వాళ్ల ఊరి సర్కారు తుమ్మే. గొర్రెల దొడ్డికి ఎలా కంప కొడతారో అలాగే పళ్లేల చుట్టూ కొట్టింది. చేతులంతా గీసుకుపోయాయి. అడుగున అక్కడక్కడా కౌజు పట్టేంత సందు, నక్క తల పట్టనంత సందు వదిలింది. కౌజులు రెండో రోజుకే ఆ సందుల్లోంచి దూరడం నేర్చుకున్నాయి. హుస్సేనమ్మ మొహం వెలిగింది. మూడో రోజు తెల్లవారేసరికి కంప కింద ఇసుక తవ్వి ఉంది, దోసకాయ పళ్లెం బోర్లాపడి ఉంది.

"నక్క గూడా పంతం మీదే ఉండాదక్కా" అన్నాడు ఖాదర్. ఈసారి నవ్వలేదు.

చేలో బెదురుబొమ్మ పెడితే, దానికి చేని ఆసామి విడిచిన చొక్కాయే తొడగాలని వాళ్ల ఊళ్లో అంటారు. ఆసామి వాసన తెలిస్తేనే జంతువు భయపడుతుందట, కొత్త గుడ్డ తొడిగితే లెక్క చేయదట. ఇక్కడ ఆసామి ఎవరు? రాషిద్. బట్టలు ఉతికే గదిలో తుడవడానికి పక్కన పెట్టిన పాత గుడ్డల మూట ఒకటుంది. దాని అడుగున అరబ్బు మగవాళ్లు తొడిగే పొడవాటి తెల్లటి కందూరా దొరికింది. రాషిద్‌దే అయి ఉంటుంది అనుకుంది. వాసన పోకుండా ఉండాలని ఉతకలేదు కూడా. రెండు కర్రలు అడ్డంగా కట్టి, కందూరా తొడిగి, పైన బోర్లించిన కుండకు తెల్లటి తలగుడ్డ చుట్టింది. దూరం నుంచి చూస్తే మనిషే.

మొదటి రోజు నక్క రాలేదు. రెండో రోజు సాయంత్రం రాషిద్ వచ్చాడు.

వస్తున్నట్టు ఫోను కూడా చేయలేదు. గేటు దాటిన కారు దారి మధ్యలో ఆగిపోయింది. తలుపు తెరిచి ఉంది, ఇంజిను ఆడుతూనే ఉంది. రాషిద్ దిగి, ఒక చెయ్యి తలుపు మీద వేసి నిలబడ్డాడు. ఘాఫ్ చెట్ల కింద, ఎండ వాలుతున్న వేళ, తెల్ల కందూరా చేతులు గాలికి మెల్లగా లేస్తున్నాయి. మామా భర్త సాయంత్రాల్లో సరిగ్గా అక్కడే నిలబడేవాడట. ఆ సంగతి హుస్సేనమ్మకు ఆ తర్వాతెప్పుడో ఖాదర్ చెప్పాడు. అప్పటికి ఆమె చూసింది ఇంతే. రాషిద్ అడుగులో అడుగు వేసుకుంటూ ఆ బొమ్మ దగ్గరికి వెళ్లాడు. మెడ దగ్గర కుచ్చు పట్టుకుని చూశాడు. అక్కడ దారంతో కుట్టిన చిన్న మాసిక ఒకటి ఉంది. మామా కుట్టింది.

"ఎవరు పెట్టారు ఇది?"

హుస్సేనమ్మ ముందుకు వచ్చి, నేనే అంది.

రాషిద్ అరుస్తాడనుకుంది. అరవలేదు. కందూరాను తనే విప్పి, చేతకాని మడతలు వేసి, కారులో పక్క సీటు మీద పెట్టాడు. తర్వాత ఖాదర్ వైపు తిరిగి ముక్తసరిగా చెప్పాడు. ఎల్లుండి అమ్మను తీసుకొస్తున్నా. రేపటికల్లా మందు పెట్టాలి. అమ్మ పళ్లేలు అడిగితే ఎండలు తగ్గాక పెడదామని చెప్పాలి. ఖలాస్.

డ్రైవరు జిలానీ బాషా కారు వెనక్కి తిప్పుతూ, హుస్సేనమ్మ వైపు జాలిగా చూశాడు. అతనిది కూడా కడప జిల్లాయే.

కారు వెళ్లాక ఖాదర్ మెల్లగా అన్నాడు. "చూసినావా అక్కా. పోయినాయన గుడ్డలే దొరికినాయా నీకు?"

"నాకేం తెల్సు నాయనా."

"ఇంక నేనేం జెయ్యలేను. రేపు సాయంత్రానికి కార్జం కావాల. మాటిచ్చినావు."

"ఇచ్చినా. నేనేం కాదనలేదే."

ఆమె వంటింట్లోకి పోయి, కోడి కార్జం తీసి, కడిగి, గిన్నెలో వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. మాట తప్పే మనిషి కాదు. తలుపు వేసి బయటికి వచ్చాక ఒక సంగతి తోచింది. ఇన్ని రోజులూ తను చూసింది నక్క చేసిన పనిని. నక్కను కాదు. తెల్లారి అడుగులు చూడటమే తప్ప, అది ఎక్కడి నుంచి వస్తుందో, వచ్చి ముందు ఏం చేస్తుందో ఒక్కసారి కూడా చూడలేదు.

పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ బాంగుకు ఇంకా వేళ ఉంది. నీళ్ల ట్యాంకు పక్కన మోటారు గది నీడలో, గోడకు ఒదిగి, కదలకుండా కూర్చుంది.

నక్క వెలుగుండగానే వచ్చింది. ఎర్రటి ఒళ్లు, పెద్ద పెద్ద చెవులు, పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నాయి. పొట్ట కింద చన్నులు వేలాడుతున్నాయి. పిల్లల తల్లి. అది పళ్లేల వైపు పోలేదు. తిన్నగా ట్యాంకు దగ్గరికి వచ్చింది. వెనక కాళ్ల మీద లేచి, పైపు జాయింటుకు చుట్టిన తెల్లటి టేపును వాసన చూసింది, నాకింది. కిందికి దిగి, జాయింటు కింద ఎండిపోయిన ఇసుకను ముందు కాళ్లతో తవ్వింది. తవ్వి ముట్టె పెట్టింది. ఆ తర్వాతే ఘాఫ్ చెట్ల వైపు తిరిగింది. కంప కింద దూరి, పొడి గోధుమల పళ్లేన్ని తొక్కుకుంటూ పోయి, దోసకాయ ముక్కల్లో మూతి పెట్టింది. నమిలింది తక్కువ, నాకింది ఎక్కువ. పళ్లెం అడుగున మిగిలిన తడి కోసం దాన్ని బోర్లించింది.

హుస్సేనమ్మ లేచి నిలబడింది. నక్క ఆమెను చూసి ఇసుకలో కలిసిపోయింది.

ఖాదర్ తన గదిలో ఖుబ్బూస్ రొట్టె చించుకుని పప్పులో ముంచుతున్నాడు.

"ఖాదరూ, ట్యాంకు కాడ ఆ జాయింటు కారేది గదా. నువ్వెప్పుడు కట్టినావు దాన్ని?"

"అన్నం తినేటప్పుడు జాయింటు ఎందుకక్కా?"

"చెప్పు నాయనా."

"మామా ఆసుపత్రికి పోయినప్పుడే. సార్ తిట్టినాడు గదా, ఇన్నేళ్లుగా నీళ్లు ఇసక పాలవతా ఉండాయని. ఆ రోజే కట్టేసినా. ఒక్క చుక్క కారదు ఇప్పుడు." చెప్పడంలో కొంచెం గర్వం ఉంది.

"పళ్లేలు పడేది అప్పుట్నించే గదా?"

ఖాదర్ చేతిలో రొట్టె ముక్క నోటిదాకా పోలేదు. ఇన్నేళ్లుగా ఆ జాయింటు కింద చిన్న మడుగు ఉండేది. అది అతనికీ తెలుసు. దాని చుట్టూ ఎప్పుడూ ఏవో అడుగులు ఉండేవి. మామా వెళ్లడం, జాయింటు కట్టడం ఒకే వారంలో జరిగాయి. పళ్లేలు తలకిందులవుతుంటే మామా లేకపోవడం అందరికీ కనిపించింది. నీళ్లు లేకపోవడం కనిపించలేదు.

"అంటే ఈ రాద్ధాంతమంతా నేను పైపు కట్టినందుకా?" అన్నాడు చివరికి.

"కొంచెం వదులు చెయ్యి దాన్ని."

"అమ్మో, సార్ చూస్తే నన్ను ట్యాంకులో వేస్తాడు. జాయింటు మాత్రం ముట్టుకోను."

"అయితే పాత టైరుందా?"

షెడ్డు వెనక పికప్ టైరొకటి పడి ఉంది. రాయలసీమలో మేకలకు నీళ్లు పెట్టే తొట్టి ఎలా కోస్తారో హుస్సేనమ్మ చెబుతుంటే, ఖాదర్ రంపంతో కోశాడు. కోసింది ఒకవైపు ఒరిగి ఉంది. ఒక రాయి పెట్టి సరిచేశారు. నక్క దూరే చోట, కంచెకు అవతల, చిన్న దిబ్బ వెనక గుంత తీసి దాన్ని పాతారు. నీళ్ల కోసం కుళాయి తిప్పలేదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు హుస్సేనమ్మ బకెట్లో పట్టి ఉంచింది. అవే పోసింది.

"రేపు పొద్దున పళ్లేలు పడి ఉంటే?" అడిగాడు ఖాదర్.

"ఫ్రిజ్‌లో గిన్నె ఉంది. నేనే తెచ్చి నీ చేతికిస్తా."

అతను ఆ నీళ్ల వైపు చూశాడు. "నాకు గూడా దాన్ని చంపేదానికి చెయ్యి రాదక్కా. కానీ నా పని అదే అయితే ఏం జెయ్యాల?"

హుస్సేనమ్మ బకెట్ తీసుకుని వచ్చేసింది. ఆ రోజు పళ్లేల్లో తడి మేత వేయలేదు. పొడి గోధుమలు, ఖర్జూరాలు మాత్రమే వేసింది.

ఫజర్ నమాజు అయ్యీ అవగానే బయటికి వచ్చింది. వెలుతురు ఇంకా సరిగా రాలేదు. దూరం నుంచే పళ్లేలు లెక్కపెట్టుకుంది. అన్నీ వెల్లకిలే ఉన్నాయి. కంప కింద కొత్త గుంత లేదు. గింజల మీద చెట్టు ఆకులు రెండు రాలి పడి ఉన్నాయి, అవి కూడా కదల్లేదు. అప్పుడు దిబ్బ వెనక్కి పోయి చూసింది. టైరు తొట్టి అడుగుదాకా ఖాళీ. తడి ఇసుకలో పెద్ద అడుగులు, వాటి చుట్టూ గజిబిజిగా చిన్న చిన్న అడుగులు.

ఆమె తిరిగొచ్చి ఫ్రిజ్ లోంచి గిన్నె తీసింది. ఆ మధ్యాహ్నం కార్జం వేపుడు ఖాదర్ కంచంలోకి వచ్చింది. అతను దాన్ని చూసి, ఆమెను చూసి, "మందేమీ కలపలేదు గదా?" అన్నాడు.

"తిని చూడు. తెలుస్తాది" అంది.

ఆ మరుసటి పొద్దున రాషిద్ తల్లిని తీసుకొచ్చాడు. అప్పటికి కంపలో ఒక తల్లి కౌజు పిల్లలతో సహా దిగి ఉంది. మామా చేతికర్ర ఆనుకుని చెట్లదాకా నడిచింది. ఎవరు పట్టుకోబోయినా వద్దంది. పిట్టలను చూసి, ముళ్లకంపను చూసి, హుస్సేనమ్మ చేతుల మీది గీతలను కూడా చూసింది. హుస్సేనమ్మ భుజం మీద చెయ్యి వేసి, ఆ భుజం మీద బరువంతా ఆన్చి, నిలబడింది.

రాషిద్ ఖాదర్‌ను పక్కకు పిలిచి అడిగాడు. మందు పెట్టావా?

"అవసరం పడలేదు సార్."

మరి నక్క?

ఖాదర్‌కు నీళ్ల సంగతి చెప్పే ధైర్యం లేదు. చెబితే జాయింటు మాట వస్తుంది, కంచె అవతల తొట్టి మాట వస్తుంది, నక్కకు తోటలోంచి నీళ్లు పోస్తున్నారా అనే మాట వస్తుంది. "పోయింది సార్. ఇంక రాదు" అన్నాడు.

ఎలా పోయింది?

"హుస్సేనమ్మ ఏదో చేసింది" అని గాల్లో చెయ్యి తిప్పాడు.

కారు పక్కన నిలబడి ఉన్న జిలానీ బాషా ఆ చెయ్యి తిప్పడం చూశాడు. ఘాఫ్ కొమ్మలకు ఇంకా వేలాడుతున్న నైలాన్ తాళ్లనూ, వాటికున్న ముడులనూ చూశాడు. మరో మనిషి అయితే అవేమిటని అడిగేవాడు. జిలానీ బాషా కడపవాడు. అడగనక్కర లేదనుకున్నాడు. ఆ తర్వాతి శుక్రవారం కరామాలో పీరాంబీ మెస్సులో భోజనానికి కూర్చున్నప్పుడు, తాను చూసినదానికి ఒక దర్గా కలిపి చెప్పాడు.

హుస్సేనమ్మ ఆ మాటను కాదనలేదు, అవుననలేదు. కాదంటే ఏం జరిగిందో చెప్పాలి. చెబితే అది రాషిద్ చెవిన పడుతుంది. పడితే మళ్లీ డబ్బా బయటికి వస్తుంది. అందుకే ఊళ్లో మరిదితో కూడా ఫోను పెట్టేయడమే సులువు అనిపించింది.

దారం కట్టాక నక్క ఆ తోట దిక్కు చూడలేదని అందరూ అంటారు. నక్క రావడం ఏ రోజూ మానలేదు. ఎండ వాలగానే పిల్లలను వెంటబెట్టుకుని దిబ్బ వెనక్కి వస్తుంది, బియ్యం కడిగిన నీళ్లు తాగుతుంది, పోతుంది.